పర్లాకిమిడి రెండు ఫుట్‌బాల్ పార్టీలకూ ఒక బహిరంగ లేఖ

పర్లాకిమిడి,
నవంబరు 2025 ఆఖరి వారం.

మాస్టారికి, బావలకు, తమ్ముళ్లకు, కాలేజీ గ్రౌండు గోడెక్కి కూర్చునే పెద్దలందరికీ నమస్కారం.

జెర్సీల షాపువాడిని రాస్తున్నాను. సాయంత్రం ఆరు దాటాక నా షాపులో బట్టల బేరం కంటే బాల్ గొడవే ఎక్కువని మీకు తెలుసు. గొడవ నోటితో అయిపోతే నాకేం ఇబ్బంది లేదు, టీ డబ్బులు కూడా ఎప్పుడూ అడగలేదు. కానీ పోయిన ఆదివారం అది షాపు గడప దాటి గ్రౌండులోకి వెళ్లింది. అందుకే ఈ ఉత్తరం.

ఆరోజు గుమ్మ వైపు నుంచి వచ్చిన జట్టుతో మన పిల్లలు ఫ్రెండ్లీ ఆడారు. మన కొత్త కోచ్ గారు వచ్చి అప్పటికి అయిదు వారాలు. సెకండాఫ్‌లో మనవాళ్లంతా సగం గీతకి ఇవతలే ఉండి కాసుకుంటున్నారు. గోడ మీంచి ఒక గొంతు లేచింది: "ఓ ఖాలిద్ గారూ! పాతపట్నం బస్సు తెచ్చి గోలు ముందు పెట్టేశారేటి? కాస్త తీయండి, పేసింజర్లు దిగాలి!" గోడంతా ఘొల్లున నవ్వింది. అబద్ధమెందుకు, నేనూ నవ్వాను. కోచ్ గారు ఒకసారి వెనక్కి తిరిగి చూసి మళ్లీ ఆట వైపు తిరిగిపోయారు. రెండు నిమిషాలు గడిచాయో లేదో మన లెఫ్ట్ బ్యాక్, తొమ్మిదో క్లాసు గుంటడు, తన జాగా వదిలేసి బాల్ కోసం ముందుకు ఉరికాడు. ఆ ఖాళీలోంచే గోలు పడింది.

ఆట అయ్యాక వాడు నా దగ్గరికొచ్చి, "అందరూ నవ్వుతున్నారు కదా మావా, అందుకే ముందుకెళ్లిపోయాను" అన్నాడు. ఏం చెప్పాలో తోచలేదు. ఆ బస్సు జోకు పుట్టింది నా షాపులోనే. గోలుకి అడ్డంగా అంతా చేరి కాసుకునే ఆటని 'బస్సు పెట్టడం' అంటారు. పుట్టినప్పుడు అది మన కోచ్ గారి మీద కాదు, ఇండియా కోచ్ ఖాలిద్ జమీల్ మీద. ఎవరి మీద మంటో ఎవరి నెత్తిన పడింది.

అసలు సంగతి మొదటినుంచీ చెప్పుకుందాం. ఆగస్టు 1న ఖాలిద్‌ను ఇండియా కోచ్‌గా వేశారన్న కబురు వచ్చిన సాయంత్రమే మనం రెండు పార్టీలయ్యాం. 170 మంది దరఖాస్తులు పెట్టుకుంటే వడపోతలో ముగ్గురు మిగిలారు. అందులో ఇద్దరు విదేశీయులు, ఈయనొక్కడే ఇక్కడివాడు. పదమూడేళ్ల తర్వాత ఆ కుర్చీలో ఒక ఇండియన్ కూర్చున్నాడు. మనోడన్న సంతోషం ఒక అరగంట నిలిచింది. మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "మనోడే గానీ, చూడబుద్దేసే ఆట ఆడిస్తాడంటావా?" అన్నారు. అంతే, షాపు రెండుగా చీలింది. ఒకటి పాసుల పార్టీ, దానికి మాస్టారు పెద్ద. రెండోది ఖాలిద్ పార్టీ, నేను దాంట్లో మనిషిని. దాచుకోవడానికేమీ లేదు. అయితే ఆయన చేసిందల్లా ఒప్పుకునే మనిషిని కాను, ఆ లెక్క కూడా కింద రాస్తాను.

మాస్టారి బాధ నాకు తెలియంది కాదు. 2023-24లో కోచ్ సెర్జియో లొబేరా చేతికింద మన రాష్ట్రం క్లబ్బు ఒడిశా ఎఫ్‌సీ ఆట చూడటానికి ఆయన ఎన్నిసార్లు భువనేశ్వర్ బస్సెక్కారో లెక్కలేదు. గోల్‌కీపర్ కాళ్ల దగ్గర మొదలైన బాల్ నేల వదలకుండా అహ్మద్ జహూ దాకా రావడం, ఆయన తలెత్తి చూసి నలభై గజాల అవతల మనిషి కాలి మీద పెట్టడం. ఆ సీజన్లో ఐఎస్‌ఎల్ (మన దేశం పెద్ద లీగు) సెమీఫైనల్‌కి వెళ్లాం. మన కళింగ స్టేడియంలో మోహన్ బగాన్‌ను 2-1తో కొట్టాం, కోల్‌కతాలో 0-2తో ఓడిపోయాం. ఓడినా మాస్టారు వారం రోజులు ఆ ఆట గురించే చెప్పారు. నేను కాదనను. కానీ మాస్టారూ, ఆ జట్టు వెన్నెముక ఎవరిది? వెనక సెనెగల్ వాడు మౌర్తదా ఫాల్, మధ్యలో మొరాకో వాడు జహూ, ముందు బ్రెజిల్ వాడు డియెగో మౌరీసియో, ఫిజీ వాడు రాయ్ కృష్ణ. ఇండియా కోచ్ అందులో ఒక్కరిని కూడా తీసుకోలేడు కదా.

ఈ ముక్క నాకు బుర్రకెక్కింది ఒక ఓటమి చూసినప్పుడు. ఈ ఏడాది మే 3న కళింగలో సూపర్ కప్ ఫైనల్. జంషెడ్‌పూర్, గోవా. మేం ముగ్గురం పొద్దున్నే బస్సెక్కి, బరంపురంలో రైలు పట్టుకుని వెళ్లాం. ఎండ దిగిపోయినా సిమెంటు మెట్లు ఇంకా కాలుతున్నాయి, కింద జెర్సీ పరుచుకుని కూర్చున్నాం. జంషెడ్‌పూర్ కోచ్ ఖాలిద్. కాసుకుందామని చూశారు, కుదరలేదు. బోర్జా హెరెరా రెండు, ద్రాజిచ్ ఒకటి, మొత్తం 3-0. తిరుగు రైల్లో నేనే అన్నాను, "ఈయన ఆట ఇంతవరకే, ఇంతకు మించి సాగదు" అని. ఈ మాట నా నోట విన్న ఇద్దరూ మన పట్నంలోనే ఉన్నారు, సాక్ష్యం చెబుతారు.

ఆ రాత్రి గోవా బెంచీ దగ్గర నిలబడ్డదెవరు? మనోలో మార్క్వెజ్. అప్పటికి ఇండియా జట్టుకీ ఆయనే కోచ్. గోవాతో బాల్ కదిలించి కప్పు పట్టుకెళ్లిన ఆ మనిషే ఇండియాతో ఎనిమిది మ్యాచ్‌లాడి ఒక్కటంటే ఒక్కటి గెలిచాడు, అదీ మాల్దీవుల మీద. బుర్ర అదే, పలక మీద గీసే బొమ్మలూ అవే. అట్టు బాగా రావాలంటే పెనం ఒక్కటే ఉంటే సరిపోదు, పిండి కూడా ఉండాలి. షిల్లాంగ్‌లో బంగ్లాదేశ్‌తో 0-0, హాంకాంగ్‌లో 0-1. ఆసియా కప్ క్వాలిఫయింగ్‌లో రెండు మ్యాచ్‌లకు ఒక్క పాయింటు. ఖాలిద్ చేతికొచ్చిన ఇల్లు ఇది.

ఆయన కుర్చీ ఎక్కిన నెల్లోపే మొదటి మ్యాచ్. మధ్య ఆసియా దేశాలు ఆడే కాఫా నేషన్స్ కప్‌లో, ఆగస్టు 29న తజికిస్తాన్‌లో, తజికిస్తాన్ మీదే. అయిదో నిమిషంలో ఉవైస్ పక్క గీత దగ్గర్నుంచి విసిరిన బాల్‌కి అన్వర్ అలీ తల పెట్టాడు, గోలు. పదమూడో నిమిషంలో సందేశ్ ఝింగన్ రెండోది. తర్వాత పెనాల్టీని గుర్‌ప్రీత్ ఆపాడు. 2-1 గెలిచాం. ఇరాన్ మీద 0-3 అని స్కోరు చూసి నవ్వినవాళ్లున్నారు, గంటసేపు గోలు ఇవ్వకుండా నిలబడ్డామన్నది వాళ్లు చూడలేదు. ఆఫ్ఘనిస్తాన్‌తో 0-0, దాని గురించి చెప్పుకోవడానికి ఏమీ లేదు. ఆఖర్న మూడో స్థానం కోసం ఒమన్‌తో. ర్యాంకుల్లో వాళ్లు 79, మనం 133. వెనకబడి, ఉదాంత సింగ్ 80వ నిమిషంలో సమం చేసి, పెనాల్టీల్లో 3-2తో నెగ్గాం. ఆ రాత్రి పాసుల పార్టీ వాళ్లే ముందు గంతులేశారు. మాస్టారు కూడా. నా దగ్గర వీడియో ఉంది.

అక్టోబరుకి గాలి తిరిగిపోయింది. సింగపూర్‌లో ఝింగన్ 47వ నిమిషంలోనే రెడ్ కార్డు తిని పోయాడు. పది మందితో కాసుకుని, 90వ నిమిషంలో రహీమ్ అలీ గోలుతో 1-1 చేశాం. ఆ ఆటకి 'బస్సు' అని పేరు పెట్టినవాడికి నేను దండం పెడతాను. తర్వాత అక్టోబరు 14, గోవాలో అదే సింగపూర్‌తో. గెలిచి తీరాల్సిన మ్యాచ్. కుట్టు మిషను మీద దారపు రీలుకి ఆనించిన ఒక్క ఫోన్లో పదకొండు మందిమి చూశాం, గుర్తుందా? 14వ నిమిషంలో ఛాంగ్‌తే కొట్టగానే చిన్న బావ బజ్జీలు తేవడానికి పరుగెత్తాడు. బజ్జీలు వచ్చేసరికి మొహాలు మారిపోయాయి. సరిగ్గా సగం ఆటకి ముందు 44వ నిమిషంలో సోంగ్ ఉయ్-యంగ్ కొట్టాడు, 58లో మళ్లీ అతనే. 1-2. 2027 ఆసియా కప్ ఆశ అక్కడే ఆరిపోయింది. బజ్జీలు ఎవరూ ముట్టుకోలేదు, మర్నాడు పొద్దున్న పారేశాను.

ఇక్కడ ఖాలిద్ తప్పు నాకు కనిపిస్తూనే ఉంది, చెబుతాను. సొంత గడ్డ మీద, పాయింట్లు కావాల్సిన రోజున, ఒక గోలు కొట్టగానే వెనక్కి జారుకున్నాం. చలికాలం దుప్పటి లాగినట్టు లాక్కుని పడుకున్నాం. రెండో గోలు తిన్నాక వెంటపడాల్సి వచ్చినప్పుడు మనవాళ్లకి వెంటపడటం రాలేదు. కాయడం నేర్పినాయన వెంటపడటం కూడా నేర్పాలి, అది ఆయన పనే. ఢాకాలోనూ ఇదే జరిగింది. నవంబరు 18న 11వ నిమిషంలో గోలు తిన్నాం. ఇంకా 80 నిమిషాలు ఆట మిగిలుంది. ఏం చేశాం? 22 ఏళ్ల తర్వాత బంగ్లాదేశ్ మన మీద గెలిచింది. గ్రూపులో అయిదు మ్యాచ్‌లకు రెండు పాయింట్లు, అందరికంటే అడుగున మనమే. అప్పటికే ఆశ పోయిన మ్యాచ్ కదా అన్న సాకు నేను చెప్పను.

అయితే తమ్ముళ్లూ, ఒక లెక్క చూడండి. మనోలో పాసుల ఆట: ఎనిమిదికి ఒక గెలుపు. ఖాలిద్ కాసుకునే ఆట: ఏడింట్లో, తొంభై నిమిషాల్లో తేలిన గెలుపు ఒకటే. రెండు మందులూ వేసినా జ్వరం అంతే ఉంటే, డాక్టర్లని తిట్టుకుంటూ కూర్చోవాలా, ఒకసారి రక్తం పరీక్ష చేయించాలా?

ఆ పరీక్ష నా షాపులో రోజూ అవుతోంది. ఇండియా జెర్సీ కొనే పిల్లలు ఇప్పటికీ వీపు మీద 11 వేయమంటారు. ఇండియా పాత కెప్టెన్ సునీల్ ఛెత్రి నంబరు. ఆయన 2024 జూన్ 6న కువైట్‌తో ఆడి రిటైరయ్యాడు, వేరే దారి లేక 2025 మార్చిలో మళ్లీ పిలిపించారు. 2024-25 ఐఎస్‌ఎల్‌లో ఇండియన్లలో అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టిందీ ఆయనే, 14. అప్పటికి వయసు నలభై. మొన్న మన జట్టుకి పద్దెనిమిది జెర్సీల సెట్టు కుట్టాను. 7కి, 10కి, 11కి కొట్టుకున్నంత పని చేశారు. ముందు నిలబడి గోలు కొట్టేవాడి నంబరు 9 ఆఖరిదాకా మిగిలిపోయింది. ఒకప్పుడు ఈ ఊళ్లో 9 కోసం అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేశారు!

కారణం మీకు తెలియంది కాదు. క్లబ్బులు నలుగురు విదేశీయుల్ని మైదానంలోకి దించవచ్చు, గోలు కొట్టే చోట వాళ్లనే పెట్టుకుంటాయి. సింగపూర్‌లో పరువు నిలబెట్టిన రహీమ్ అలీ మన ఒడిశా ఎఫ్‌సీ కుర్రాడే. మౌరీసియో ఉన్న జట్టులో అతనికి ముందు నిలబడి ఆడే నిమిషాలు ఎన్ని దొరుకుతాయి? పైగా ఈ ఏడాది నవంబరు అయిపోతున్నా లీగే మొదలు కాలేదు. క్లబ్బు ఆట లేని మనిషిని తెచ్చి పది రోజుల క్యాంపులో ముందుకు ఉరికే ఆట నేర్పడం ఎవరి వల్లా కాదు. కాయడం నేర్పొచ్చు. ఖాలిద్ ఎంచుకున్నది ఆయనకి వచ్చిన ఆట కాబట్టి కొంత, పది రోజుల్లో నేర్పగలిగేది అదొక్కటే కాబట్టి కొంత.

కాసుకునే ఆట అంటే పిరికి ఆట అనే మాట మాత్రం నేను ఒప్పుకోను. మిజోరాం క్లబ్బు ఐజాల్‌తో ఈయన 2016-17లో దేశపు లీగు ఐ-లీగ్ గెలిచాడు, మోహన్ బగాన్ కంటే ఒక్క పాయింటు ఎక్కువతో. కొండల్లో సవర ఊళ్ల టోర్నమెంట్లు చూసినవాళ్లు మీలో చాలామంది ఉన్నారు. మేకపోతు ప్రైజు, ఏటవాలు గ్రౌండు, జట్టుకి ఎనిమిది జతల బూట్లు, వాటినే మార్చుకుని ఆడతారు. పై నుంచి కిందికి ఆడే సగంలో దూసుకొస్తారు, కింది నుంచి పైకి ఆడే సగంలో గోలు చుట్టూ చేరి ఒక్క బాల్ పోనివ్వరు. ఒక్క పొడుగాటి త్రో, ఒక్క తల, మేకపోతు వాళ్లది. మన పట్నం జట్టు నీటుగా పాసులిచ్చుకుని ఎన్నిసార్లు ఉత్తి చేతులతో దిగొచ్చిందో నన్ను చెప్పమంటారా? వాళ్లని ఎవరైనా పిరికివాళ్లని అన్నారా? అని చూడండి, ఆ ఊళ్లోనే.

మాంచెస్టర్ యునైటెడ్ జెర్సీ వేసుకుని ఖాలిద్‌ని తిట్టే తమ్ముళ్లకి ఒక మాట, కోపం తెచ్చుకోకండి. కోచ్ ఆమొరిమ్ వచ్చిన సీజన్లో మీ జట్టు లీగులో 15వ స్థానం. యూరోపా ఫైనల్లో టోటెన్‌హామ్ మీద 0-1. అయినా ఆయన 3-4-3 వరస (వెనక ముగ్గురు, మధ్య నలుగురు, ముందు ముగ్గురు) వదలనంటే మీరు దాన్ని పట్టుదల అన్నారు. ఖాలిద్ తన ఆట వదలకపోతే మొండితనం అంటున్నారు. ఇంగ్లీషు కామెంటరీ ఉంటే గుణం, లేకపోతే దోషమా? ఆ జెర్సీలు అమ్ముకునేది నేనే, కాబట్టి ఇంతకంటే ఎక్కువ అనను.

మాస్టారూ, మీరు వందసార్లు చెప్పిన కథ మీకే అప్పజెబుతాను. హైదరాబాదు రహీమ్ సాబ్, స్కూల్లో పాఠాలు చెప్పిన మనిషి, 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో మన జట్టు యుగోస్లావియా చేతిలో 1-10తో ఓడినప్పుడు కోచ్. పది గోల్స్! మనవాళ్లలో చాలామంది కాళ్లకి బూట్లు కూడా లేవు. ఆయన్ని తీసేయలేదు. నాలుగేళ్లకి మెల్‌బోర్న్‌లో నాలుగో స్థానం. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో మొదటి మ్యాచ్ దక్షిణ కొరియా మీద 0-2 ఓడి, ఫైనల్లో మళ్లీ అదే కొరియాని 2-1తో కొట్టి బంగారం తెచ్చాడు. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకి కుట్లు పడ్డాయని ముందుకు పంపి, ఆ ముందు నుంచే గోలు కొట్టించాడు. ఈ చోటికి వచ్చేసరికి మీ గొంతు వణుకుతుంది, నేను చూశాను. ఖాలిద్ రహీమ్ సాబ్ అవుతాడని నేను అనడం లేదు. అవడని నాకు గట్టి అనుమానం కూడా. రహీమ్ సాబ్‌కి ఒకటి కుదరకపోతే ఇంకొకటి తోచేది, ఖాలిద్‌కి ఆ రెండోది తోచిన జాడ ఇంతవరకూ కనపడలేదు. తోస్తుందో లేదో తెలియాలంటే ఏడు మ్యాచ్‌లు చాలవు, అంతే నా వాదన. లీగు మొదలై, ఒక ఏడాది ఆడాక కూడా గోలు కొట్టగానే దుప్పట్లోకి దూరితే, అప్పుడు మాస్టారి పార్టీలో చేరడానికి నేనే వస్తాను. కుర్చీ ఖాళీ ఉంచండి.

ఇక మన గ్రౌండు సంగతి.

మన కోచ్ గారి గురించి మీకు తెలియంది ఒకటి చెబుతాను. వచ్చిన రెండో వారంలో ఆయన నా షాపుకొచ్చి ఇరవై మీటర్ల నాడా అడిగారు, లాగులకి వేసేది. ఎందుకండీ అంటే చెప్పలేదు. మర్నాడు పొద్దున్న అయిదున్నరకి గ్రౌండుకెళ్లి చూస్తే, వెనక ఆడే నలుగురు పిల్లల నడుములకీ ఆ నాడా కట్టి ఉంది, ఒకరికీ ఒకరికీ మధ్య ఆరేడు మీటర్లు. కోచ్ గారు బాల్ పట్టుకుని ఎటు నడిస్తే నలుగురూ అటు జరగాలి. ఒకడు పరధ్యానంలో ఉండిపోతే నాడా బిగిసి పక్కవాడు ఊగిపోతాడు. మొదట్లో పడ్డారు, నవ్వుకున్నారు, మంచులో మోకాళ్లు కొట్టుకుపోయాయి. గోడ మీద అప్పుడు ఎవరూ లేరు, ఆ వేళకి మనం పడుకునే ఉంటాం. పదో రోజుకి నాడా విప్పేశారు. విప్పినా నలుగురూ ఒక్కలాగే జరిగారు. ఆ నలుగురిలో చివరివాడే మొన్న మన నవ్వు విని జాగా వదిలి పరుగెత్తినవాడు.

అందుకని గోడ మీది పెద్దలకి నా మనవి ఒక్కటే. ఖాలిద్ గొడవ నా షాపులో పెట్టుకుందాం. టీ నాదే. ఎంత గట్టిగా అరిచినా ఆయనకి వినపడదు. గ్రౌండులో అరిస్తే పద్నాలుగేళ్ల పిల్లాడికి వినపడుతుంది. కోచ్ గారి ఆట నచ్చకపోతే మ్యాచ్ అయ్యాక ఆయన్నే అడగండి, ఆయన తెలుగు, ఒడియా రెండూ మాట్లాడతారు, ఏ భాషలో తిట్టినా అర్థమవుతుంది. బస్సు జోకు వేసినాయన ఎవరో నాకు తెలుసు, పేరు రాయను. ఆయనే వచ్చి ఆ గుంటడికి ఒక సోడా ఇప్పిస్తే బాగుంటుంది.

వచ్చే ఆదివారం మూడున్నరకి మళ్లీ ఆట ఉంది, ఈసారి పాతపట్నం వాళ్లతో. పెద్దలు కాస్త ముందుగా వస్తే గోడ మీద ఎండ పడని వైపు జాగా దొరుకుతుంది. నిన్న సాయంత్రం కోచ్ గారు మళ్లీ షాపుకొచ్చారు. ఇంకో ఇరవై మీటర్ల నాడా కావాలట, ఈసారి మధ్యలో ఆడేవాళ్లకి. తెల్లది అయిపోయింది, ఎర్రది కోసి ఇచ్చాను.

ఇట్లు,
మీ జెర్సీల షాపువాడు